మరిలారీ ఆగిన చోట్లు

బళ్లారి వైపు చిన్న లారీని మరిలారీ అంటారు. కన్నడంలో మరి అంటే జంతువు పిల్ల. నాయిమరి అంటే కుక్కపిల్ల, మేకెమరి అంటే మేకపిల్ల, అలాగే మరిలారీ. మా కంపెనీ దానికి పెట్టిన ఇంగ్లీషు పేరు నేను అక్కడ తిరిగిన వారం రోజుల్లో ఒక్కరి నోటా వినలేదు. ముందు ఇద్దరు హాయిగా, ముగ్గురు ఇరుక్కుని కూర్చునే సీటు. వెనక పదీ పన్నెండు బస్తాలు పట్టే తొట్టి. ఎద్దులబండి చాలని రైతుకి, పెద్ద లారీ కొనలేని రైతుకి అది దేవుడిచ్చిన బండి అని మేం కాగితాల మీద అచ్చువేసి పంచాం.

నేను మద్రాసులో ఆ కంపెనీ సర్వీసు శాఖలో పనిచేసేవాణ్ణి. సొంత ఊరు తెనాలి దగ్గర. బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్లి అప్పటికి పదేళ్లు కాలేదు. అక్కడ మా బండ్లు కొన్నవాళ్లు వరసగా ఉత్తరాలు రాస్తున్నారు. బండి ఎండలో ఆగిపోతోంది, గేరు జారిపోతోంది, ఇరుసు విరిగింది. మా మేనేజరు ఆ ఉత్తరాలన్నీ ఒక దారంతో కట్టి నా చేతికిచ్చి, "వెళ్లి చూసి రా. ఎక్కువ బరువు వేస్తున్నారని రాసుకుని రా," అన్నారు. ఏం చూడాలో, ఏం రాయాలో రెండూ ముందే చెప్పి పంపారన్నమాట. నడివేసవిలో బయల్దేరాను.

సత్యనారాయణపేట

బళ్లారిలో నా బస సత్యనారాయణపేటలో, మా మేనత్త తరఫు బంధువుల ఇంట్లో. కిటికీలోంచి చూస్తే ఊరి మధ్య ఒకే రాయిలా లేచిన కోటగుట్ట కనిపిస్తుంది. మధ్యాహ్నం ఆ గుట్ట వేడెక్కి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని ఊరి మీదికి వదులుతూనే ఉంటుంది. మా వైపు సాయంత్రానికి సముద్రం నుంచి గాలి వస్తుంది. ఇక్కడ ఆ ఆశ లేదు.

పొద్దున టిఫినుకి ఉగ్గాని పెట్టారు. మరమరాలు నానబెట్టి, నీళ్లు పిండేసి, పోపు వేసి, పుట్నాలపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మొదటి బజ్జీకే నా కళ్లలో నీళ్లు తిరిగితే ఆ ఇంటావిడ చూసి, "గుంటూరు జిల్లా వాళ్లు కారానికి ఏడుస్తారా?" అంది. బజారులో అదే ఉగ్గాని, బజ్జీ పావలా లోపలే వస్తుంది. కాఫీతో సహా.

బళ్లారిలో మా బండ్లు బాగుచేసేది మస్తాన్ సాబు. యాభై దాటిన మనిషి. తెల్లటి గడ్డం, నల్లటి చేతులు. షెడ్డు పేటకి దగ్గరే. నా చేతిలో ఉత్తరాల కట్ట చూసి, కూర్చోమని స్టూలు జరిపాడు.

"మద్రాసు నుంచి మనిషి రావడం ఇదే మొదలు సాబ్. ఇన్నాళ్లూ కాగితాలే వస్తాండాయి. ఎవరికి ఎక్కువ కష్టముండాదో వాళ్ల దగ్గరికి నేనే పిల్చుకపోతా. మీరు జర ఓపిగ్గా వినండి. వాళ్లు చెప్పేదుండాది."

సంగనకల్లు

ముందుగా జట్కా కట్టించుకుని సంగనకల్లు వెళ్లాం. ఊరి చుట్టూ రాతిగుట్టలు. వేల ఏళ్ల కిందట మనుషులు ఇక్కడ రాతి గొడ్డళ్లు నూరుకున్నారని చదువుకున్నవాళ్లు వచ్చి తవ్వి చూసిపోయారట. అక్కడ కొన్ని బండల్ని చిన్న రాయితో కొడితే ఇత్తడి గంటలా మోగుతాయి. నేను రెండు మూడుసార్లు కొట్టి చూశాను. చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది.

ఇరుసు విరిగిందని రాసిన తిప్పయ్య ఇక్కడివాడే. బండి తొట్టి చూడగానే సంగతి తెలిసిపోయింది. అందులో ధాన్యం కాదు, కట్టుడు రాళ్లు.

"దీంట్లో రాళ్లు వేస్తారా?" అన్నాను.

"రాళ్ల పని చేసేవాన్ని, రాళ్లు కాక పూలు వేస్తానాప్పా?" అన్నాడు తిప్పయ్య. తర్వాత తనే తల గోక్కున్నాడు. "నిజమే లే. ఎద్దులయితే మోయలేక నిలబడిపోతాయి. నాకు తెలుస్తాది. ఇది మాట్లాడకుండా పోతాంటే ఇంకొంచెం, ఇంకొంచెం అని వేసినా."

నాకు ఊరట కలిగింది. మేనేజరు కోరిన మాట మొదటి రోజే దొరికింది. పుస్తకంలో 'అధిక బరువు' అని రాసి కింద గీత గీశాను. వచ్చేటప్పుడు తిప్పయ్య ఆ మోగే రాయి ముక్క ఒకటి బలవంతంగా నా సంచిలో వేశాడు. జట్కాలో మస్తాన్ సాబు నా పుస్తకంలోని ఆ గీత వంకే చూశాడు. ఎందుకో మర్నాడు తెలిసింది.

రూపనగుడి

రూపనగుడికి బస్సులో వెళ్లాం. గేరు జారుతోందని రాసిన హనుమంతప్ప ఇల్లు ఊరి చివర. కూరగాయలు, వేరుశెనగ బళ్లారి మార్కెట్టుకి వేస్తాడు. భార్య ఈరమ్మ. ఇద్దరికీ నలభై అటూ ఇటూ. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, అరుగు మీద కన్నడం. ఒక వాక్యం ఒక భాషలో ఎత్తి ఇంకో భాషలో దించుతారు.

"మీరు సిరుగుప్ప పక్క క్యాంపుకి పోవాలంట గదా. మా బండిలోనే రండిప్పా, చూసినట్టూ ఉంటాది," అన్నాడు హనుమంతప్ప.

నలుగురం బయల్దేరాం. మస్తాన్ సాబు తొట్టిలో, మేం ముగ్గురం ముందు. ఈరమ్మ మధ్యలో కూర్చుని, చీర కొంగు బొడ్లో దోపుకుని, రెండు చేతులతో గేరు కడ్డీ పట్టుకుంది. నాకు అర్థం కాలేదు. ఊరు దాటి ఎత్తు రాగానే హనుమంతప్ప రెండో గేరు వేశాడు. ఆవిడ కడ్డీని ఒడిసి పట్టుకుని అలాగే ఉంది.

"వదిలిపెడితే?" అన్నాను.

"ఎగిరి బయటికొస్తాది. బండి వెనక్కి పోతాది," అందావిడ, రోజూ ఎసరు పెట్టే మనిషి మాట్లాడినట్టు. "ఏడాదైంది. ఈయన తొక్కుతాడు, తిప్పుతాడు. నేను పట్టుకుంటా."

అరచేతిలో, బొటనవేలి కింద, గట్టిగా కాయ కాసి ఉంది. నేనూ పట్టుకుంటానన్నాను. మూడు మైళ్లు కాకముందే నా మణికట్టు వణికిపోయి, చెయ్యి సడలింది. గేరు ఊడింది. బండి వెనక్కి జారి వంకలోకి దిగబోతుంటే హనుమంతప్ప బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక తొట్టిలోంచి మస్తాన్ సాబు అల్లాని తలుచుకోవడం వినిపించింది. ఈరమ్మ నా చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టి, తన చెయ్యి వేసుకుంది.

"స్ప్రింగు మెత్తనిది వేశారు. గట్టిది మద్రాసు నుంచి పంపిస్తానమ్మా," అన్నాను సిగ్గుపడుతూ.

"పంపీప్పా. ఆలస్యమైనా ఏం లే." ఆవిడ దారినే చూస్తూ అంది. "నేను పక్కన లేకుంటే ఈయన తోవంతా ఎవరితో మాట్లాడల్ల?"

హనుమంతప్ప మీసాల్లో నవ్వుకున్నాడు. ఈ బండిలో రాళ్లు లేవు. నలుగురు మనుషులు, రెండు బుట్టల వంకాయలు.

నల్లరేగడి మధ్య

మిట్టమధ్యాహ్నం, చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చిన చోట బండి రెండు దగ్గులు దగ్గి ఆగింది. నేల నుంచి లేచే ఆవిరికి దూరంగా ఉన్న తుమ్మచెట్లు నీళ్లలో నీడల్లా కదులుతున్నాయి. నేను గాభరాగా దిగాను. వాళ్లకేం గాభరా లేదు. ఈరమ్మ సీటు కిందనుంచి పాతగుడ్డ తీసి, కూజా నీళ్లతో తడిపి, ఇంజను మూత ఎత్తి పెట్రోలు పంపుకి చుట్టింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటికి వేసినట్టు, అంచులు సర్ది మరీ వేసింది.

"అరగంట పడతాది. బువ్వ తిందాం రాండి," అంది.

బండి నీడలోనే కూర్చున్నాం. జొన్నరొట్టె, వెర్రినువ్వులతో చేసే గురెళ్లపొడి, పెరుగు. మా వైపు రొట్టె అంటే ఒంట్లో బాగాలేనివాళ్ల తిండి. ఇక్కడ అన్నమే పండగ తిండి. కాలవ వచ్చాక మారుతోందని, కానీ రొట్టె లేనిదే కడుపు నిండినట్టుండదని హనుమంతప్ప చెప్పాడు.

తిన్న చెయ్యి కడుక్కుని మస్తాన్ సాబు నన్ను ఇంజను దగ్గరికి పిలిచాడు. "ఈ గొట్టం పట్టుకోండి సాబ్."

పట్టుకుని వెంటనే వదిలేశాను. వేళ్లు చుర్రుమన్నాయి. అది పెట్రోలు గొట్టం. దానికి రెండు వేళ్ల దూరంలో, ఎర్రగా కాలిన పొగగొట్టం. ఇంత ఎండలో గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతుంది. పంపుకి అందేది గాలి. ఇంజను ఎలా నడుస్తుంది? మద్రాసులో సముద్రపు గాలికి అది ఎప్పుడూ బయటపడలేదు. బండి నమూనా గీసినప్పుడే తప్పు గీశారు.

"మీ మద్రాసులో ఎవరికీ చెయ్యి కాలలేదా?" అని మెల్లిగా అడిగాడు మస్తాన్ సాబు. "నేను రెండు ఉత్తరాలు రాయిస్తిని. జవాబొచ్చింది, పెట్రోలు కల్తీ అని."

ఆ జవాబు రాసింది నేనే. ఆ మాట అప్పుడు చెప్పలేకపోయాను.

క్యాంపు

సిరుగుప్ప దాటి కాలవగట్టు ఎక్కగానే కళ్లు చల్లబడ్డాయి. తుంగభద్ర నీళ్లు పారే మేర పచ్చదనం, పారని మేర నలుపు, మధ్యలో గీత గీసినట్టుంది. మా కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఈ భూములు కొనుక్కుని, పాకలు వేసుకుని ఉంటున్న ఊళ్లని క్యాంపులంటారు. పాకల ముందు ముగ్గులు, దడి మీద బీరతీగ, పెరట్లో గోంగూర. ఒక్క క్షణం తెనాలి దగ్గర దిగాననుకున్నాను. హనుమంతప్ప దంపతులు మమ్మల్ని దించి, మజ్జిగ తాగి, పొద్దుండగానే వెనక్కి వెళ్లిపోయారు.

ఎండలో బండి ఆగిపోతోందని రాసిన వీరరాఘవయ్యది రేపల్లె వైపు. ముప్పై అయిదేళ్లుంటాయి. నెమ్మదైన మనిషి. భార్య సుశీల. కాళ్లకి నీళ్లిచ్చి, వేడన్నంలో గోంగూర, మీగడపెరుగు వడ్డించారు. నేను తిన్నంతసేపూ బండి మాట ఎత్తలేదు. తిన్నాక రాఘవయ్య నన్ను కొట్టంలోకి తీసుకెళ్లాడు. బండి మీద ఉతికిన దుప్పటి కప్పి ఉంది. కింద చక్రాలకి ఇటుకలు.

"ఎనిమిది నెలలైందండి, తీయక," అన్నాడు. "ఉత్తరంలో అంతా రాశాను. మీరు చదివే ఉంటారు."

కట్టలో ఆయన ఉత్తరం ఉంది. నేను చదివింది మొదటి పుట. ఎండలో బండి ఆగిపోతోందని మొదటి పుటలోనే ఉంది. అలాంటివి చాలా వచ్చేవి. అందరికీ మా దగ్గర రెండే జవాబులు.

సుశీల చెప్పింది మిగతాది. "మా అత్తగారికి పొద్దున్నుంచీ గుండెల్లో నొప్పండి. బళ్లారి ఆసుపత్రికని బండిలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. మధ్యాహ్నం ఎండలో నడిదారిలో ఆగిపోయింది. ఈయన ఏం చేసినా కదల్లేదు. తడిగుడ్డ వెయ్యాలని మాకు తెలీదు. మరో బండి వచ్చేసరికి…" ఆవిడ ఆగిపోయింది.

"మా అక్క రత్తమ్మ కర్మలకి వచ్చి, మాసికం దాకా ఉందండి," అన్నాడు రాఘవయ్య. "అప్పుడే మీ కంపెనీ జవాబు వచ్చింది. ఇంగ్లీషులో. బడి పంతులు గారు చదివి చెప్పారు. మా అక్క విని, 'నీ చేతకానితనం వల్లేనట్రా,' అని, మాసికానికి వచ్చిన చుట్టాలతో ఆ సాయంత్రమే ప్రయాణమైంది. మళ్లీ ఉత్తరం లేదు. నేను రాసినవి వెనక్కొచ్చాయి."

పెట్టెలోంచి ఆ కాగితం తెచ్చి చేతికిచ్చాడు. 'వాహనంలో లోపమేమీ లేదు. నడుపువారి అనుభవలేమి కారణమై యుండవచ్చును.' కింద మేనేజరు సంతకం. వాక్యాలు నావి. టైపు చేసింది నా బల్ల మీదే. ఆ రోజు అలాంటివి ఎన్ని కొట్టానో గుర్తు లేదు.

"మిమ్మల్ని ఒక్కటే అడగాలండి," అన్నాడు రాఘవయ్య. గొంతు తగ్గించి, దడి అవతల వాళ్లకి వినపడకూడదన్నట్టు. "నేను ఏం చేసి ఉండాల్సింది? ఏ మీట నొక్కితే కదిలేది? రోజూ అదే ఆలోచన. నన్ను తిట్టినా సరే, చెప్పండి."

"ఈ ఉత్తరం నేనే రాశాను," అన్నాను. "మీ రెండో పుట చదవకుండా రాశాను."

తిడతాడని ఎదురుచూశాను. సుశీల లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆఖరికి ఆయన, "మీరు కాఫీ తాగుతారా, టీ తాగుతారా?" అని అడిగాడు. అంతకన్నా కష్టమైన మాట నన్నెవరూ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం

మర్నాడు ఇటుకలు తీయించి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆగి, బండి గట్టు మీద నడిపాను. రెండు మైళ్లకే ఆగింది. తొట్టిలో వస్తున్న రాఘవయ్యని పిలిచి ఆయన చెయ్యి ఆ గొట్టం మీద పెట్టించాను. ఆయన వెంటనే తీసేసుకున్నాడు. తర్వాత మళ్లీ తనే పెట్టి చూశాడు.

"దీన్ని ఇలా గీసింది మేం. ఏ మీటా లేదు. ఎంత నేర్చినవాడు నడిపినా ఆ ఎండలో ఆగేదే," అన్నాను. "మీ అమ్మగారు ఆసుపత్రికి చేరితే బతికేవారో లేదో నేను చెప్పలేను. బండి ఆగడం మాత్రం మీ తప్పు కాదు."

ఆయన గట్టు దిగి కాలవలో మొహం కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఉన్నాడు. మస్తాన్ సాబు నా భుజం పట్టుకుని, అటు చూడొద్దన్నట్టు ఇటు తిప్పాడు.

ఆ సాయంత్రం కిరసనాయిలు డబ్బా కోసి, ఆ రేకుని రెండు గొట్టాలకీ మధ్య అడ్డంగా బిగించాం. పెట్రోలు గొట్టాన్ని వంచి దూరం జరిపాం. మూడోరోజు అదే ఎండలో బండి కాలవగట్టు మీద గంటసేపు తిరిగింది. ఆగలేదు.

అన్నం దగ్గర సుశీల నాతో అంది, "అన్నయ్యగారూ, మీరు చెప్పిన మాట కాగితం మీద రాసిస్తారా? కోర్టుకి కాదు. మా వదినగారికి. కంపెనీ కాగితమైతే వెనక్కి పంపరు."

రిపోర్టు కోసం తెచ్చిన కంపెనీ పేరున్న కాగితాలు సంచిలో ఉన్నాయి. వాటి మీద అలాంటి మాట రాస్తే నా ఉద్యోగం ఏమవుతుందో తెలుసు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. కొంచెంసేపు మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. తర్వాత రాశాను. ఈసారి తెలుగులో, ఏ పంతులు గారి సాయమూ అక్కర్లేకుండా. బండిలో లోపం ఫలానా చోట ఉంది, నడిపినవారి తప్పు లేదు, ముందు రాసిన ఉత్తరం నాదే, అది తప్పు. కింద నా సంతకం పెట్టాను.

తిరుగు దారి

నన్ను బళ్లారిలో దించడానికి రాఘవయ్యే బయల్దేరాడు. ఎనిమిది నెలల తర్వాత ఆయన నడిపే సీట్లో కూర్చోవడం. మొదట్లో చేతులు బిగుసుకుని ఉన్నాయి. ఒకచోట, రోడ్డు పక్క ఏ గుర్తూ లేని చోట, వేగం తగ్గించాడు. ఆనాడు బండి ఆగింది అక్కడే అయుండాలి. మెల్లిగా దాటాం.

రూపనగుడిలో ఈరమ్మ చూసి మజ్జిగకి పిలిచింది. అప్పుడు సరిగ్గా పన్నెండు. కాగిన ఇంజను ఆపితే మళ్లీ కదలదని అక్కడ మరిలారీ ఉన్నవాళ్లంతా ఆపకుండానే పనులు చూసుకుంటారు. రాఘవయ్య తాళం చెవి తిప్పి ఇంజను ఆపేశాడు. దిగి లోపలికి వెళ్లాడు. రెండు గ్లాసులు తాగి, హనుమంతప్పతో వంకాయల ధర మాట్లాడి, తీరిగ్గా వచ్చి తాళం తిప్పాడు. బండి అందుకుంది. తొట్టిలోంచి మస్తాన్ సాబు, "శుక్ర్," అని అల్లాకి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

మద్రాసు వచ్చాక

రిపోర్టులో నిజం రాశాను. తిప్పయ్య రాళ్ల సంగతీ రాశాను, రెండు గొట్టాల సంగతీ రాశాను. మేనేజరు చదివి, నేను క్యాంపులో ఇచ్చిన కాగితం విషయం కూడా విని, నన్ను సామాన్ల గోడౌనుకి మార్చారు. ఉద్యోగం మాత్రం పోలేదు. గోడౌనులో ఉండబట్టి గట్టి స్ప్రింగు వెతికి రూపనగుడికి పంపగలిగాను. వానలు వెళ్లాక వచ్చిన కొత్త బండ్లలో ఆ గొట్టాల మధ్య రేకు కంపెనీయే వేసి పంపుతోంది. ఆ విషయం ఎవరూ పైకి అనలేదు.

ఆ మధ్య రేపల్లె వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించింది. 'అబ్బాయీ, నేను రాఘవయ్య అక్క రత్తమ్మని. నీ కాగితం మూడుసార్లు చదివించుకున్నాను. వాణ్ణి అనరాని మాట అన్నాను. వెళ్లి చూడాలి. పోయినసారి అయినవాళ్లు తోడు వచ్చారు, ఒంటరిగా నాకు దారి తెలియదు. నువ్వు వెళ్లొచ్చినవాడివి గనుక రాసి పంపు. వాడికి చెప్పొద్దు.'

ఆ రోజే జవాబు రాశాను. 'అమ్మా, బెజవాడలో రైలెక్కండి. కిటికీ పక్కన కూర్చోండి. నల్లమల అడవి వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. నంద్యాలలో పెరుగన్నం దొరుకుతుంది, తినండి. గుంతకల్లులో బండి చాలాసేపు ఆగుతుంది, గాభరాపడి దిగకండి. ఆ తర్వాత నల్లటి నేల కనిపిస్తే బళ్లారి దగ్గరపడిందని లెక్క. కూజా నిండా నీళ్లు పెట్టుకోండి. మీరు చెప్పొద్దన్నారు గాని, మీ తమ్ముడికి చెప్పక తప్పదు. బళ్లారి నుంచి క్యాంపుకి మిమ్మల్ని తీసుకెళ్లేది ఆయనే. స్టేషను బయట బండి పెట్టుకుని ఉంటాడు. మీరు వెనక తొట్టిలో కూర్చుంటానంటారు. అలా కూర్చోకండి. ముందు, ఆయన పక్కన చోటుంది.'